బాపు పెన్సిల్ రాతలు

2021 ఏప్రిల్ ఆఖర్లో ఒక సాయంత్రం నేను హన్మకొండ కుమార్‌పల్లిలో అమ్మావాళ్ల ఇంటికి వెళ్లేసరికి హాల్లో టీవీ స్టాండుకు ఆనించి ఒక బియ్యం సంచి ఉంది. 25 కిలోలది. అమ్మ దాన్ని వంటింట్లోకి జరపలేదు. తెచ్చిన తమ్ముడూ జరపలేదు. బాపు, అంటే మా నాన్న, ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, దాని పక్కనుంచే నడిచి లోపలికి పోయాడు. చూడనట్టు పోయాడు గానీ చూశాడని నాకు తెలుసు. రెండు రోజులు ఆ సంచి అక్కడే ఉందట.

కరోనాకు బడులు మూతపడి జీతాలు ఆగిపోయిన ప్రైవేటు టీచర్లకు ఆ నెల నుంచే ప్రభుత్వం 2,000 రూపాయలు, రేషన్ షాపులో 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. మా తమ్ముడు ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆరేళ్లుగా సోషల్ చెప్తూ గ్రూప్-2కు చదువుతున్నాడు. వాడికి అప్పటికి 30 ఏళ్లు. ఆ బియ్యం వాడి ఆ నెల సంపాదన.

దానికి సరిగ్గా నెల ముందు, మార్చి 22న, అసెంబ్లీలో ఇంకో ప్రకటన వచ్చింది. ఉద్యోగులకు 30 శాతం ఫిట్‌మెంట్, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంపు. ఆ జూన్ 30న ఇంటికి రావాల్సిన బాపుకు జీతం పెరిగింది, సర్వీసు మూడేళ్లు పెరిగింది. తండ్రికి అది, కొడుకుకు ఇది, ఒకే ఇంట్లో నెల తేడాతో. ఆ తర్వాత రెండేళ్లు వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు.

దీని గురించి రాయాలంటే తాత దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

తాత 1926లో పుట్టాడు. ఉర్దూ మీడియం చదువు, తాలూకా ఆఫీసులో గుమాస్తా పని. పింఛన్ అనే మాట ఆయన నోట నేను వినలేదు, 'వజీఫా' అనేవాడు. నెల మొదట్లో ఉతికిన తెల్ల పైజామా వేసుకుని, గొడుగు చంకన పెట్టుకుని "వజీఫా తెచ్చుకోవాలె" అని బయల్దేరేవాడు. వచ్చేటప్పుడు చౌరస్తాలో మా ఇద్దరికీ బాలుషాహీలు కట్టించుకొచ్చేవాడు. ఆ కాగితం పొట్లానికి నెయ్యి అంటి మసక మసకగా ఉండేది. నేను మిఠాయి తిన్నాక ఆ కాగితం మీది ఉర్దూ అక్షరాలు చదివి వినిపించమని ఆయన్ని సతాయించేదాన్ని.

1952 సంగతులు ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. బయటి ప్రాంతాల వాళ్లు ముల్కీ సర్టిఫికెట్లు, అంటే స్థానికులమనే కాగితాలు, సంపాదించి ఇక్కడి నౌకర్లలో చేరుతున్నారని వరంగల్ విద్యార్థులు బడులు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. 'గైర్ ముల్కీ గో బ్యాక్' అన్న నినాదం ఇక్కణ్నుంచే హైదరాబాద్ దాకా పాకింది. సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి పిల్లలు చనిపోయారు. తాతకు అప్పుడు 26 ఏళ్లు, నౌకరి ఇంకా పర్మినెంట్ కాలేదు. "ఆ పోరగాండ్లు లొల్లి చెయ్యకపోతే నన్ను పర్మినెంట్ చేసెటోళ్లు కాదు బిడ్డా" అనేవాడు. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు, ఆయన మాత్రం చివరిదాకా అలాగే నమ్మాడు.

ఆయనే 1983లో అదే వయసు పోరగాళ్ల మీద మండిపడ్డాడు. అది బాపమ్మ, మా నాయనమ్మ, చెప్పింది.

ఆ ఏడు జనవరిలో ఎన్నికలు. బాపుకు 19 ఏళ్లు. అప్పట్లో ఓటు వయసు 21, బాపుకు ఓటే లేదు. అయినా దోస్తులతో కలిసి రాత్రిళ్లు గోడల మీద రాతలు రాశాడు, సైకిల్ జెండా పట్టుకుని తిరిగాడు. తాత ఇందిరమ్మ మనిషి. కొడుకు చేతులకు పసుపు రంగు చూసి అన్నం దగ్గర కూడా మాట్లాడేవాడు కాదట. జనవరి 9న ఎన్టీ రామారావు ప్రమాణం చేసిన రోజు మా గల్లీలో పటాకులు కాల్చిన వాళ్లలో బాపు ముందున్నాడు.

ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కు తగ్గింది. 55 దాటిన వాళ్లంతా నెలాఖరుకు దిగిపోవాలి. యువకులకు అవకాశాలు రావాలన్నది ఆ ఉత్తర్వు వెనక చెప్పిన మాట. తాతకు అప్పుడు 56 నడుస్తోంది. ఇంట్లో పెళ్లి కావాల్సిన మేనత్తలు ఇద్దరు. 28న సాయంత్రం ఒక శాలువా, ఒక పూలదండ, ఒక ఇత్తడి గ్లాసుతో ఇంటికొచ్చాడు. దండ తీసి బాపు మెడలో వేసి "నీ సంబురానికి నా నౌకరి పోయింది, తీస్కో" అన్నాడట. ఆ ఒక్క మాటే. బాపమ్మ అది చెప్పినప్పుడల్లా గొంతు తగ్గించేది, లోపలి గదిలో బాపు విన్నా వింటాడని.

తర్వాత చాలా రోజులు తాత పొద్దున పదింటికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చునేవాడట. సాయంత్రం ఐదింటికి లేచి బట్టలు మార్చుకునేవాడట. 1984 ఆగస్టులో వయసు మళ్లీ 58 అయింది. మధ్యలో ఇంటికి పోయిన వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1985లో తీర్పు వాళ్ల వైపే వచ్చింది. అప్పటికే తాతకు 58 నిండిపోయాయి. నౌకరిలోకి తిరిగి పోలేదు, నష్టపరిహారం కింద వచ్చిన డబ్బులతో చిన్న మేనత్త పెళ్లి చేశాడు. మరుసటి ఏడాది బాపు పరీక్ష రాసి ఇరిగేషన్‌లో జూనియర్ అసిస్టెంట్ అయ్యాడు. ఆర్డర్ కాపీ తెచ్చి కాళ్లకు మొక్కితే తాత దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "ఇది జాగ్రత్తగ వెట్టు" అన్నాడట. బాపు ఆ కాగితాన్ని ఇప్పటికీ జాగ్రత్తగానే పెట్టాడు. పోచంపాడుకు నెహ్రూ శంకుస్థాపన చేసిన 1963లోనే తానూ పుట్టానని, ఆ కాలువ నీళ్ల ఫైళ్లు మోయడానికే పుట్టానని బాపు గొప్పగా చెప్పుకునేవాడు.

మా చిన్నతనంలో ఇంట్లో రాజకీయం అంటే వార్తలప్పుడు తాతా బాపూ చెరో మాట అనుకోవడమే. తాత 2007లో పోయాడు. ఇంకో రెండేళ్లు ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎందుకంటే 2009 డిసెంబర్ 9 రాత్రి మా ఇల్లు మా ఇల్లులా లేదు. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ఢిల్లీలో కేంద్ర హోంమంత్రి చిదంబరం చదువుతుంటే బాపు టీవీకి అంత దగ్గరగా నిలబడి ఉన్నాడు, మాకేమీ కనబడలేదు. తమ్ముడు అప్పుడు సుబేదారి ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం. ఇద్దరూ స్వెటర్లు కూడా వేసుకోకుండా చేతక్ బండి మీద చౌరస్తాకు పోయారు. అర్ధరాత్రి దాటాక వచ్చారు, జుట్టు నిండా గులాలు. అమ్మ తలుపు తీసి "తండ్రా కొడుకా ఎవరు ముసలోడు, ఎవరు పడుచోడు" అని నవ్వింది. బాపు అంతగా నవ్వడం నేను నా పెళ్లిలో కూడా చూడలేదు.

ఇక 2011 సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13న మొదలైంది. ఆఫీసులు బంద్, బస్సులు బంద్, సింగరేణి బావులు బంద్. బాపు రోజూ పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకు పోయినట్టే శిబిరానికి పోయేవాడు. మొదటి నెల జీతం రాకపోతే ఎవరం పట్టించుకోలేదు. తర్వాత కిరాణా సేటు ఖాతా పుస్తకంలో మా పేజీ నిండింది. రెండో పేజీ కూడా మొదలైనంక అమ్మ తన రెండు పేటల గొలుసు కుదువ పెట్టింది. ఆ ఏడు దసరా అక్టోబర్ 6న వచ్చింది. కొత్త బట్టలు లేవు. నేను, అమ్మ పాత పట్టుచీరలే కట్టుకుని, తంగేడు పువ్వుతో నిండా బతుకమ్మ పేర్చుకుని పద్మాక్షి గుట్ట దగ్గరికి పోయాం. అక్కడ సగం మంది మాలాగే పాత చీరల్లో ఉన్నారు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆ ఏడు బతుకమ్మ ఆడినంత సేపు ఇంకెప్పుడూ ఆడలేదు.

అదాలత్ దగ్గర ఒక రోజు వంటా వార్పు పెట్టారు. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు. కలెక్టరేట్ వాళ్లు, టీచర్లు, లాయర్లు, కాలేజీ పిల్లలు అందరూ తారు రోడ్డు మీదే బంతిగా కూర్చున్నారు. తమ్ముడు బకెట్ పట్టుకుని పప్పుచారు వడ్డించాడు. బాపు విస్తరి ముందుకు వచ్చినప్పుడు వాడు ఆగి, అందరికంటే ఒక గరిటె ఎక్కువ పోశాడు. బాపు పక్కనున్న తోటి ఉద్యోగితో "నా కొడుకు" అన్నాడు. ఆ రోజు సాయంత్రం నడిచి ఇంటికి వస్తూ బాపు వాడి భుజం మీద చెయ్యేసి అన్న మాట నాకు గుర్తుంది, వెనక నడుస్తూ విన్నాను.

"నీళ్లు, నిధులు సరే. మొదలు కావాల్సింది నియామకాలు. మనది మనకచ్చినంక నీ అసుంటోళ్లకు నౌకర్లకు కొదువుండదు రా. నేను చెప్తున్న గదా."

42 రోజులకు సమ్మె ఆగింది. అమ్మ గొలుసు విడిపించడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

నాకు 2012 డీఎస్సీలో ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టు, వచ్చింది. ఉద్యోగం వచ్చిన సంతోషంలో మొదటి జీతం స్లిప్పు బాపుకు చూపిస్తే ఆయన ఆఫీసు అలవాటు కొద్దీ కోతలు చూశాడు. "ఈ సీపీఎస్ ఏంది?" 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన వాళ్లకు ఇదే అని చెప్పాను. నెలనెలా మూల వేతనం, డీఏల్లో పది శాతం కోసుకుంటారు, ప్రభుత్వం అంతే కలుపుతుంది, అది మార్కెట్లో పెడతారు, దిగిపోయేనాటికి ఎంతైతే అంత. బాపు చాలాసేపు ఏమీ అనలేదు. "మరి ఆఖరి జీతంల సగం పింఛన్?" అన్నాడు. లేదన్నాను. "పింఛన్ లేని సర్కారు నౌకరి ఏందే బిడ్డా" అన్నాడు. సంఘాల్లో తిరిగిన మనిషికి సీపీఎస్ అంటే తెలియక కాదు. అది తన బిడ్డ స్లిప్పులో ఉంటుందని అనుకోలేదు. తాతది వజీఫా, బాపుది పింఛన్, నాది స్లిప్పులో ఒక కోత. మా స్టాఫ్ రూమ్‌లో నాకంటే పదేళ్లు ముందు చేరిన మేడమ్ రిటైర్మెంట్ లెక్కలు వేసుకుంటుంటే, పక్క కుర్చీలో కూర్చుని వినడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆమె మీద కోపం లేదు. ఇద్దరం చెప్పేది ఒకే ఒకటో తరగతి.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. తమ్ముడు 2016లో గ్రూప్-2 రాశాడు. 1,032 పోస్టులు. కోర్టు కేసులు తేలి తుది ఫలితం వచ్చేసరికి 2019 అక్టోబర్ అయింది. కొద్ది మార్కుల్లో పోయింది. ఆ తర్వాత నోటిఫికేషన్ లేదు. వాడు బడిలో పాఠం చెప్పి, సాయంత్రం గ్రంథాలయంలో చదివి, రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చేవాడు. బాపు అడిగేవాడు, "ఏమన్న పడేటట్టున్నదా?" "పడ్తది బాపూ." సంవత్సరాల తరబడి మా ఇంట్లో రాత్రి భోజనం ఈ రెండు మాటలతోనే మొదలైంది.

మార్చి 22న బాపు మిఠాయి డబ్బాతో వచ్చాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. అమ్మ నోట్లో ముక్క పెట్టాడు, నాకు పెట్టాడు. "ఇంక మూడేండ్లు ఫికర్ లేదు, ఇంటి లోను తీరిపోతది" అన్నాడు. తమ్ముడు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. డబ్బా వాడి వైపు చాపాడు. వాడు తీసుకోలేదు.

"నీ మూడేండ్లు నాయే కదా బాపూ."

"ఏమంటున్నవ్‌రా?"

"నువ్వు దిగితేనే కదా ఖాళీ అయ్యేది. ఇంక మూడేండ్లు ఎవ్వలు దిగరు. ఎవ్వలు దిగకుంటే నోటిఫికేషన్ ఎందుకేస్తరు? నాకు 33 అయితయి అప్పటికి."

బాపు డబ్బా బల్ల మీద పెట్టాడు. ఆయన గొంతు పెద్దది కాలేదు, అదే నాకు భయమేసింది. "నా సెక్షన్ల పదకొండు కుర్చీలున్నయి. కూసునేది ఐదుగురం. ఆరుగురు దిగిన కాడ ఎవ్వలన్న వచ్చిండ్రా? నేను దిగితే నా కుర్చీల గూడ దుమ్మే కూసుంటది. నువ్వు కాదు. నీ కోచింగుకు, నీ రూము కిరాయికి, ఈ ఇంటి లోనుకు పైసలు ఆ కుర్చీల కెల్లే వస్తున్నయి."

"నేను నీ కుర్చీ అడుగుతలేను. అదాలత్ కాడ నువ్వు చెప్పిన మాట అడుగుతున్న."

బాపు దానికి జవాబు చెప్పలేదు. లోపలికి పోయాడు. మిఠాయి చీమలు పట్టింది, మర్నాడు అమ్మ పారబోసింది.

ఇద్దరి లెక్కా నిజమే. రిటైర్మెంట్ అంటే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛన్‌లో ముందే తీసుకునే భాగం), లీవుల డబ్బు అన్నీ ఒక్కసారి ఇవ్వాలి. మూడేళ్లు ఆపితే ఖజానాకు అంత వెసులుబాటు. కుర్చీలు ఖాళీగా ఉంటే ఇంకా వెసులుబాటు. ఆ వెసులుబాటు కోసం తండ్రిని ఒక వైపు, కొడుకును ఒక వైపు నిలబెడితే, కొట్లాట మా హాల్లో జరిగింది. తాత దండ తీసి బాపు మెడలో వేసిన నాడూ అదే జరిగింది. కాకపోతే అప్పుడు పోయింది తండ్రి నౌకరి, ఇప్పుడు ఆగింది కొడుకు నౌకరి. నేను ఎవరి పక్షమూ చెప్పలేకపోయాను. నా వంట గదికి వెళ్లి ఏడ్చాను.

తర్వాతి నెలే ఆ బియ్యం సంచి. మూడో రోజు పొద్దున అమ్మ లేచేసరికి బాపు ఒక్కడే దాన్ని మోసుకెళ్లి వంటింట్లో డబ్బాలో పోస్తున్నాడట. ఒక్క గింజ కింద పడనీయలేదట. ఆ రోజు వండింది ఆ బియ్యమే. "అన్నం మంచిగయింది" అన్నాడట బాపు, ఎవరినీ చూడకుండా. తమ్ముడు తల వంచుకుని తిన్నాడట.

మాటలు మాత్రం రాలేదు. "మీ బాపును కరెంటు బిల్లు అడుగు", "వాన్ని బండి తాళం ఇయ్యమను". అన్నీ అమ్మ మీదుగానే నడిచేవి. 2022 మార్చి 9న 80,039 పోస్టులు నింపుతామని ప్రకటన వచ్చిన రోజు తమ్ముడు బడి మానేశాడు. నయీంనగర్‌లో ఒక రీడింగ్ హాల్లో కుర్చీ కిరాయికి తీసుకున్నాడు. అక్టోబర్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు, పాసయ్యాడు. 2023 మార్చిలో పేపర్ లీకైందని ఆ పరీక్ష రద్దయింది. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. బాపు కూడా తినలేదని అమ్మ నాకు ఫోన్‌లో చెప్పింది.

గ్రూప్-2లో నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. 150 మార్కులు. 1948 నుంచి 2014 దాకా. ముల్కీ ఆందోళన, 1969 ఉద్యమం, ఆరు సూత్రాలు, స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలన్న 610 జీవో, సకల జనుల సమ్మె. మా తాత చూసింది, బాపు చేసింది, వాడు తానే వడ్డించింది, అన్నీ బిట్లయ్యాయి. వాటి సాల్ తారీకులు వాడు గోడకు అంటించుకుని కళ్లు మూసి అప్పజెప్పుకునేవాడు.

2023 ఎండాకాలం ఒక ఆదివారం తమ్ముడు నన్ను మేడ మీదికి పిలిచాడు. చేతిలో ఆ పేపర్ పుస్తకం. లావుపాటిది, అట్ట ఊడిపోయి టేపు వేసి ఉంది. "అక్కా, ఇది చూడు" అని మధ్యలో తెరిచాడు. అంచుల్లో పెన్సిల్ రాత. బాపు రాత. గుండ్రటి అక్షరాలు, ప్రతి రాత కింద పొట్టి సంతకం, తారీకు. ఫైలులో నోటు రాసే వాళ్ల అలవాటు అది.

తమ్ముడు రీడింగ్ హాల్ నుంచి వచ్చి పడుకున్నాక, రాత్రిళ్లు బాపు ఆ పుస్తకం తీసి చదువుతున్నాడు. ఎన్నాళ్లుగానో తెలియదు. మొదటి తారీకు ఆ మార్చిలోదే, పరీక్ష రద్దయిన వారానిది.

1952 పేజీ పక్కన: "ఊరేగింపు మా గల్లీ నుంచే పోయింది. మా నాయిన చెప్పిండు." 1983 పేజీలో ఒక గీత మాత్రం, మాట లేదు. 610 జీవో పక్కన: "ఈ కాపీ నా చేత్తో మూడు సార్లు టైపు చేసిన. 30-12-1985 కరెక్టు." సమ్మె పేజీలో ఇంకా ఎక్కువ రాశాడు: "42 దినాలు. జీతం లేదు. మీ అమ్మ గొలుసు కుదువ. దసరకు బట్టలు లేవు. అదాలత్ వంటావార్పుల పోరడు వడ్డించిండు." నాకు కళ్లు మసకబారి ఆ తర్వాతి రెండు పేజీలు కనబడలేదు.

తమ్ముడు ఇంకో పేజీ తిప్పాడు. అక్కడ నీళ్లు, నిధులు, నియామకాలు అని అచ్చులో ఉంది. మూడో మాట కింద బాపు రెండు గీతలు కొట్టాడు. పక్కన ఒకే మాట: "పెండింగ్." కింద సంతకం, తారీకు.

37 ఏళ్లు ఫైళ్లు చూసిన మనిషి ఆ మాట ఊరికే రాయడు. పని కాలేదని, బాధ్యత తన బల్ల మీదే ఉందని ఒప్పుకుంటేనే రాస్తాడు.

"ఏం చేద్దామనుకుంటున్నవ్?" అన్నాను. "ఏం చెయ్య" అన్నాడు తమ్ముడు. ఆ రాత్రి నుంచి వాడు పుస్తకాన్ని సంచిలో పెట్టుకోలేదు. హాల్లో బల్ల మీద, పెన్సిల్‌తో సహా వదిలేసి పడుకోవడం మొదలుపెట్టాడు. పెన్సిల్ మొద్దుబారితే పొద్దున చెక్కి పెట్టేవాడు. కొద్ది రోజులకు బాపు ఫలానా పేజీలో సంవత్సరం తప్పుందని నేరుగా వాడికే చెప్పాడు. వాడు వేరే పుస్తకం తెచ్చి సరిచూశాడు. అలా మాటలు మొదలయ్యాయి. ఎవరూ ఎవరికీ సారీ చెప్పుకోలేదు.

ఆ నవంబర్ 30న ఓటు. ఇద్దరూ ఒకే బండి మీద పోయి, ఒకే లైన్లో నిలబడి, వేర్వేరు గుర్తులకు వేసి వచ్చారని నా నమ్మకం. అమ్మ అడిగితే ఇద్దరూ వేలి సిరా మాత్రమే చూపించారు.

పరీక్ష 2023 ఆగస్టు అన్నారు. నవంబర్ అన్నారు. 2024 జనవరి అన్నారు. మళ్లీ ఆగస్టు అన్నారు. ఈ మధ్యలో ఉద్యోగానికి గరిష్ఠ వయసు 44 నుంచి 46 అయింది. అది వినగానే అమ్మ సంతోషించింది. నాకు మాత్రం గుండె జారింది. పెద్దవాళ్లు 61 దాకా కూర్చోవచ్చు, చిన్నవాళ్లు 46 దాకా ఎదురుచూడవచ్చు అని చెప్పినట్టు అనిపించింది. 46 ఏళ్లకు నౌకరి వస్తే ఆ మనిషి పెళ్లెప్పుడు చేసుకోవాలి, ఇల్లెప్పుడు కట్టాలి, తల్లిదండ్రులను ఎప్పుడు చూసుకోవాలి?

2024 జూన్ 30న బాపు దిగిపోయాడు. శాలువా, దండ, గడియారం. ఇంటికి వచ్చి దండ తీసి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఎవరి మెడలోనూ వేయలేదు. గోడ మీది తాత ఫొటోకు వేశాడు. సోమవారం పొద్దున పదింటికి ఆయన ఏం చేస్తాడోనని నాకు టెన్షన్‌గా ఉండి ఫోన్ చేశాను. "వాడికి బిట్లు అడుగుతున్న, మళ్ల చెయ్యి" అని పెట్టేశాడు.

తర్వాతి ఏడాది వచ్చిన ఎంపిక జాబితాలో తమ్ముడి నంబర్ లేదు. ఇప్పుడు వాడు నయీంనగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో ఆ నాలుగో పేపరే చెప్తున్నాడు, చదువుతూనే ఉన్నాడు. నాకు గుర్తుండేది మాత్రం 2024 డిసెంబర్ 16 సాయంత్రం. హంటర్ రోడ్డు వైపు ఒక కాలేజీలో వాడి సెంటర్. నాలుగో పేపర్ మూడింటి నుంచి ఐదున్నర దాకా. బడి వదిలాక నేనూ అక్కడికే పోయాను. గేటు ఎదురుగా చాయ్ బండి దగ్గర బాపు మంకీ క్యాప్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండింటి నుంచి అక్కడే ఉన్నాడట. చుట్టూ ఆయన వయసు తండ్రులు ఇంకా కొందరు, ఎత్తుకున్న పిల్లలతో కొందరు భర్తలు.

ఐదున్నర దాటాక గేటు తీశారు. తమ్ముడు వచ్చాడు. బాపు మూడు చాయ్‌లు చెప్పాడు. ఎట్లా రాశావని అడగలేదు.

"ఏది, పేపర్ ఇటు దే" అన్నాడు.

వాడు సంచిలోంచి ప్రశ్నపత్రం తీసి ఇచ్చాడు. చీకటి పడుతోంది. బాపు వీధిలైటు కిందికి జరిగి కళ్లద్దాలు పెట్టుకుని, స్వెటర్ లోపలి జేబులోంచి పెన్సిల్ తీశాడు. ఒకటో ప్రశ్న నుంచి మొదలుపెట్టాడు. చాయ్ చల్లారిపోయింది. తమ్ముడు బండి స్టార్ట్ చేసి రెండుసార్లు పిలిచాడు. బాపు వెనక కూర్చున్నాడు గానీ పేపర్ మడవలేదు.